తలకిందుల రాణి

వేసవి సెలవులకి ఇండియా వెళ్ళొచ్చిన నెలలో నాకు వచ్చే ఫోన్లలో ఒక రకం ఉంటుంది. "అక్కా, పాత బీరువా సర్దుతుంటే నాన్నగారి స్టాంపుల ఆల్బమ్ బయటపడింది. విక్టోరియా రాణి బొమ్మవి కూడా ఉన్నాయి. చాలా డబ్బొస్తుందట కదా?" అని. ఫోన్ చేసేవాళ్ళు ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో ఉంటారు. ఆల్బమ్ మాత్రం వరంగల్లోనో గుంటూరులోనో ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఒక ఆశ వేలాడుతూ ఉంటుంది. ఒక్కోసారి ఆ ఆశ వెనక వాటాల సంగతి కూడా ఉంటుంది.

స్టాంపుల పిచ్చి నాకు ముప్పై ఏళ్ళ నుంచీ ఉందని మీలో చాలామందికి తెలుసు. వ్యాపారం చెయ్యను, ధర కట్టను. అసలేదో నకలేదో మొదటి చూపులో ఎలా అనుమానించాలో మాత్రం చెప్పగలను. ఈ నెల అదే రాస్తున్నాను. స్టాంపుల మీద ఆసక్తి లేనివాళ్ళు కూడా చదవండి, ఎందుకంటే ఇది మీ ఇంట్లో ఏదో ఒక రోజు పనికొస్తుంది.

చీర పని మనకు తెలిసిందే కాబట్టి అక్కడినుంచి మొదలుపెడతాను. పోచంపల్లి ఇక్కత్‌కీ, ఇక్కత్ డిజైన్ అచ్చు వేసిన చీరకీ తేడా ఎలా పట్టుకుంటాం? తిరగేసి చూస్తాం. అసలు ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు వేసి తర్వాత నేస్తారు. అందుకని రెండు వైపులా డిజైన్ కనబడుతుంది, అంచులు కొంచెం మసగ్గా ఉంటాయి. అచ్చు వేసినదాంట్లో ఒక వైపు నిండుగా, రెండో వైపు వెలిసిపోయినట్టుగా ఉంటుంది. మనం అక్కడ బొమ్మను చూడటం లేదు, అది ఎలా తయారైందో చూస్తున్నాం. స్టాంపుల్లో దొంగని పట్టుకోవడమూ సరిగ్గా అంతే. బొమ్మ ఎవరైనా గీస్తారు. కాగితం, సిరా, అచ్చు పద్ధతి, అంచు, ముద్ర, ఈ ఐదింటినీ కలిపి అబద్ధం ఆడించడం కష్టం.

ముందు కాగితం సంగతి చూద్దాం. మన దేశం మొత్తానికీ చెల్లే స్టాంపులు 1854లో వచ్చాయి. అంతకు రెండేళ్ళ ముందే, 1852లో, సింధు ప్రాంతంలో బార్టిల్ ఫ్రేర్ అనే అధికారి 'సింద్ డాక్' స్టాంపులు తెచ్చాడు. అవి గుండ్రంగా ఉబ్బెత్తు అచ్చుతో ఉంటాయి. అరుదైనవి కాబట్టి వాటికి నకళ్ళు కోకొల్లలు. 1854 నాటివి కలకత్తాలో కెప్టెన్ థుయిలియర్ పర్యవేక్షణలో అచ్చయ్యాయి. అరణా నీలం, అణా ఎరుపు, రెండణాలు ఆకుపచ్చ, నాలుగణాలు ఎరుపూ నీలమూ. వీటికి చుట్టూ చిల్లులు ఉండవు, కత్తెరతో కత్తిరించుకోవాల్సిందే. ఆ తర్వాత లండన్‌లో డి లా ర్యూ సంస్థ మన స్టాంపులు అచ్చువేసింది. 1865 నుంచి వాడిన కాగితంలో ఏనుగు తల వాటర్‌మార్క్ ఉంటుంది. 1880ల్లో దాని బదులు నక్షత్రం వచ్చింది. 'ఈస్ట్ ఇండియా' అనే పేరు పోయి 'ఇండియా' అని పడటం కూడా అప్పుడే మొదలైంది. అందుకని 'ఈస్ట్ ఇండియా' అని ఉన్న స్టాంపులో నక్షత్రం కనబడితే ఆగి ఆలోచించాలి.

వాటర్‌మార్క్ చూడాలంటే నల్లటి పళ్ళెంలో స్టాంపును బోర్లా పెట్టి, రెండు చుక్కల లైటర్ ఫ్లూయిడ్ వేస్తారు. కాగితం పల్చగా ఉన్నచోట నల్లగా తేలుతుంది. అతుకులు వేసినా, చిరుగులు పూడ్చినా కూడా ఆ తడిలోనే బయటపడతాయి. ఇది మంట అంటుకునే ద్రవం, వంటింట్లో ఈ పని పెట్టుకోవద్దు. పైగా కొన్ని సిరాలకి ఈ ద్రవం పడదు, కాబట్టి విలువైనదేమో అని అనుమానం ఉన్న స్టాంపు మీద మీరు ప్రయోగం చెయ్యద్దు. 1854 వాటికి ఇంకో చిక్కుంది. వాటి వాటర్‌మార్క్ షీటు మొత్తానికీ కలిపి ఒకే పెద్ద బొమ్మ. ఒక్కో స్టాంపులో దాని గీత ముక్క ఒకటి పడొచ్చు, అసలేమీ పడకపోనూ వచ్చు. కనబడలేదు కాబట్టి దొంగది అనడానికి లేదు.

రెండోది అచ్చు పద్ధతి. దీనికి కావలసింది పది రెట్లు పెద్దది చేసే భూతద్దం ఒకటి. ఆ కాలపు స్టాంపుల్లో రంగు గీతలుగా, మచ్చలుగా నిండుగా ఉంటుంది. చెక్కిన పలక మీదనుంచి అచ్చువేస్తే సిరా కాగితం మీద సన్నగా ఉబ్బి నిలబడుతుంది. రాతి అచ్చులో చదునుగా ఉంటుంది. ఈ రోజుల్లో కంప్యూటర్ ప్రింటర్ మీద తీసినదీ, పత్రికలో అచ్చయిన బొమ్మా భూతద్దం కింద వేరుగా కనబడతాయి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు ముగ్గులో చుక్కల్లా పేర్చినట్టుంటాయి. విక్టోరియా కాలపు స్టాంపులో ఆ రంగుల చుక్కలు కనబడ్డాయంటే ఇక మిగతా పరీక్షలేవీ అక్కర్లేదు.

అల్ట్రావయొలెట్ లైటు కూడా చౌకగా దొరుకుతోంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యనుంచి కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు కలపడం మొదలైంది. చీకట్లో ఆ లైటు వేస్తే అలాంటి కాగితం నీలి తెలుపుగా భగ్గుమంటుంది. 1854 నాటి కాగితం అలా వెలగకూడదు.

మూడోది ముద్ర, అంటే పోస్టాఫీసు వేసిన సీలు. చాలామంది దొంగలు స్టాంపు మీద పెట్టిన శ్రద్ధ ముద్ర మీద పెట్టలేదు. జర్మనీలోని హాంబర్గ్‌లో స్పైరో సోదరులు 1860ల నుంచీ దేశదేశాల స్టాంపుల నకళ్ళు రాతి అచ్చులో తీశారు. ముద్రను కూడా అచ్చుయంత్రం మీదే వేసేశారు. అందుకే ఆ ముద్రలు ఒకే తీరుగా ఉంటాయి. నిజమైన గుమాస్తా అంత శుభ్రంగా ముద్ర వెయ్యడు! స్టాంపు వెలువడిన తేదీకంటే ముందు తేదీ ముద్రలో ఉన్నా, అప్పటికి లేని పోస్టాఫీసు పేరు ఉన్నా సంగతి తేలిపోయినట్టే.

ఇంకో మాయ ఉంది. ఎక్కువ విలువ గల పాత స్టాంపులు కొన్ని ఉత్తరాల మీద కాకుండా పన్ను కాగితాల మీద అంటించి పెన్నుతో కొట్టేసేవారు. అలాంటి వాటికి విలువ తక్కువ. ఆ పెన్ను గీత రసాయనాలతో చెరిపేసి, పైన దొంగ ముద్ర వేసి, ఉత్తరం మీద వాడినదిగా అమ్మేస్తారు. స్టాంపు అసలుదే, కథ మాత్రం దొంగది. గీత ఉన్నచోట కాగితం గరుకుగా, రంగు పల్చగా ఉంటే అనుమానించండి.

దొంగలందరూ ఒక రకం కాదు. జెనీవాలో ఉండిన ఫ్రాన్స్వా ఫూర్నియే తన నకళ్ళకు ధరల పట్టిక వేసి బాహాటంగా అమ్మేవాడు. ఖరీదైన స్టాంపు కొనలేనివాళ్ళకి సాయం చేస్తున్నానని చెప్పుకునేవాడు. ఆయన 1917లో పోయాక, మిగిలిన సరుకును జెనీవాలోని స్టాంపుల సంఘం 1928లో కొనేసింది. నకళ్ళు గుర్తుపట్టడానికని కొన్నిటితో ఆల్బమ్‌లు చేసి, మిగతావి నాశనం చేసింది. ఇటలీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన జాన్ ద స్పెరాతి ఇంకా ఘనుడు. ఆ కాలపు చవక స్టాంపునే తీసుకుని, రంగు మాత్రం కడిగేసి, అదే కాగితం మీద ఖరీదైన దాన్ని అచ్చువేసేవాడు. కాగితం అసలుదే, ఒక్కోసారి ముద్ర కూడా అసలుదే. 1942లో పోర్చుగల్‌కి పంపుతున్న ఆయన పార్సిల్‌ని ఫ్రాన్స్ కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. విలువైన స్టాంపులు దొంగతనంగా దేశం దాటిస్తున్నాడని కేసు పెట్టారు. ఇవి నేను చేసిన కాపీలయ్యా అని ఆయన మొత్తుకుంటే, నిపుణులు చూసి కాదు, అసలైనవే అన్నారు. పెద్దయ్యాక తన దగ్గరున్న సరుకంతా బ్రిటిష్ స్టాంపుల సంఘానికి అమ్మేశాడు.

ఇవి సేకరించేవాళ్ళని మోసం చేసినవి. తపాలా శాఖనే మోసం చేసినవి వేరే ఉన్నాయి. 1872, 73 సంవత్సరాల్లో లండన్ స్టాక్ ఎక్స్చేంజ్ పోస్టాఫీసులో టెలిగ్రాం ఫారాల మీద దొంగ షిల్లింగ్ స్టాంపులు అంటించారు. అప్పుడు ఎవరూ కనిపెట్టలేదు. పాతికేళ్ళ తర్వాత, 1898లో చార్లెస్ నిస్సెన్ అనే ఆయన పాత కాగితాలు చూస్తూ పట్టుకున్నాడు. ఆ కాలపు బ్రిటిష్ స్టాంపుల మూలల్లో, షీటులో వాటి వరస చెప్పే అక్షరాలుండేవి. ఈ దొంగ స్టాంపుల్లో కొన్నిటి మీద షీటులో ఎక్కడా పడే అవకాశమే లేని అక్షరాల జతలున్నాయి. పైగా వాటర్‌మార్క్ లేదు. చేసినవాడు మాత్రం దొరకలేదు.

ఇప్పుడు మన హైదరాబాదు దగ్గరికి వద్దాం. నిజాం ప్రభుత్వం తన సొంత స్టాంపు 1869లో తెచ్చింది. 1871 నుంచి వచ్చిన వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. భూతద్దం పెట్టి చూసినప్పుడు ఆ చిన్న 'అ' కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1931లో చార్మినార్, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల బొమ్మలతో ఒక వరస వచ్చింది. 1950లో ఆ తపాలా వ్యవస్థ మొత్తం భారత తపాలాలో కలిసిపోయింది. మామూలు నిజాం స్టాంపులు చాలా చవక, వాటికి దొంగవి చెయ్యడం దండగ. దొంగతనం జరిగేది ఎక్కువగా వాటి మీద అదనంగా వేసే మాటల్లో. ప్రభుత్వ కార్యాలయాల వాడకానికి 'సర్కారీ' అని ఉర్దూలో అచ్చువేసిన స్టాంపులుండేవి. చవక స్టాంపు తెచ్చి ఆ ఒక్క మాట పైన వేసేస్తే ధర పెరుగుతుంది కదా! అక్షరాల సిరా ముద్ర కింద ఉందా, ముద్ర పైన ఉందా అని చూడాలి. ముందు మాట అచ్చవ్వాలి, తర్వాతే పోస్టాఫీసు ముద్ర పడాలి. వరస తిరగబడిందంటే అబద్ధం దొరికినట్టే.

ఇదే మాయ స్వతంత్రం వచ్చాక కూడా జరిగింది. 1948 ఆగస్టు 15న గాంధీగారి స్టాంపులు నాలుగు విడుదలయ్యాయి, స్విట్జర్లాండులో అచ్చయ్యాయి. వాటిలో వంద సెట్ల మీద గవర్నర్ జనరల్ కార్యాలయం కోసం 'సర్వీస్' అని వేశారు. పది రూపాయల స్టాంపు మీద ఆ మాట ఉంటే దాని ఖరీదు మన ఇళ్ళ ఖరీదుతో పోటీ పడుతుంది. అందుకే ఎవరైనా ఆ మాట ఉన్న స్టాంపు చూపించి "మా తాతగారిది" అంటే, తాతగారి మీద గౌరవంతోనే, నేను ముందు నకలనే అనుకుంటాను.

నిజాం కాలపు ఉత్తరాల విషయంలో మనకి ఉపయోగపడే కిటుకు ఒకటుంది. నిజాం స్టాంపు ఆయన రాజ్యంలో మాత్రమే చెల్లేది. వరంగల్లు నుంచి బెజవాడకి ఉత్తరం వెళ్ళాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. అందుకని నిజాం స్టాంపు ఒక్కటే అంటించి, మద్రాసు చిరునామా రాసిన కవరు ఎవరైనా చూపిస్తే, ఎలా చేరిందబ్బా అని అడగండి. చరిత్ర తెలిసినవాళ్ళు భూతద్దం తియ్యకుండానే దొంగని పట్టుకోగల సందర్భం ఇది.

ఇంత చెప్పింది ఒక ఇంటి సంగతి చెప్పడానికి. ఊరు, పేర్లు వదిలేస్తాను, ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. ఇక్కడ నాకు చెల్లెలి వరస అయిన ఒకావిడ వాళ్ళ నాన్నగారు తెలంగాణలో తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఆల్బమ్ వాళ్ళ అమ్మగారి దగ్గరే ఉంది. అందులో ఒక పేజీలో 1854 నాటి నాలుగణాల స్టాంపు ఉంది, రాణి తల తలకిందులుగా ఉన్నది. ఆ స్టాంపుకి ఎర్ర చట్రం ఒకసారి, నీలం తల ఒకసారి, రెండు సార్లు అచ్చువెయ్యాలి. ఒక్కోసారి కాగితం తిరగబడి తల తలకిందులుగా పడింది. ప్రపంచం మొత్తం మీద అలాంటివి ముప్పై లోపే ఉన్నాయని చెబుతారు, వాటిలో ఎక్కువ భాగం ఎనిమిది మూలలుగా కత్తిరించినవే. ఆ ఇంట్లో మాత్రం ఒకటి నలుపలకలుగా, అంచులు చెక్కుచెదరకుండా ఉంది. పిల్లలిద్దరూ దాన్ని చూస్తూ పెరిగారు. "ఇల్లు కొనొచ్చని నాన్న అనేవారు" అని ఇద్దరికీ బాగా గుర్తు.

తమ్ముడి కూతురికి ఇంజనీరింగ్ ఫీజులు కట్టాల్సిన సమయం వచ్చింది. ఆల్బమ్ అమ్మేద్దాం అన్నాడు. హైదరాబాదులో ఎవరో చూసి, ఆ తలకిందులది నకలు, కాబట్టి మొత్తం ఆల్బమ్ అంతా చిత్తే, కిలోల లెక్కన తీసుకుంటాను అన్నాడట. తమ్ముడు నమ్మలేదు. అక్కకి ఫోన్ చేసి, అమెరికా తీసుకెళ్ళి అక్కడ ఆన్‌లైన్‌లో పెట్టు అన్నాడు. ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

ఆల్బమ్ ఇక్కడికి తెప్పించవద్దని చెప్పాను. నూరేళ్ళు దాటిన పురాతన వస్తువులు దేశం దాటించడానికి 1972 నాటి చట్టం అడ్డు చెబుతుంది, స్టాంపులకి అది ఎంతవరకు వర్తిస్తుందో కనుక్కోకుండా సూట్‌కేసులో పెట్టుకుని రాకూడదు. దాని బదులు మేనకోడలి చేత ఫోన్ కెమెరాకి భూతద్దం అడ్డం పెట్టి ఫోటోలు తీయించాం. నాలుగు ఫోటోలు వచ్చాయి. రాణి బుగ్గ మీద గులాబీ, పసుపు, నీలం చుక్కలు. స్టాంపు కాదది, ఏ పత్రికలోనిదో కత్తిరించి అతికించిన బొమ్మ.

ఆవిడకి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నని ఎవరో మోసం చేశారా అక్కా?" అంది. తర్వాత తమ్ముడితో మాట్లాడింది. ఏమీ చెప్పకుండా ఫోటో పెట్టి అమ్మితే కొనేవాడు చూసుకోడా అన్నాడతను. పిల్ల చదువు కోసం అన్న మాట, తప్పుపట్టను. కానీ నకలని తెలిశాక అసలైనదిగా అమ్మితే ఫూర్నియే కంటే మనం తక్కువవుతాం, ఆయన కనీసం నకలని చెప్పే అమ్మాడు. ఆవిడ ఆ మాటే తమ్ముడికి చెప్పింది. అమ్మగారికి ఎవరు చెప్పాలన్నదే మిగిలింది.

ఆదివారం వీడియో కాల్‌లో ఆవిడే చెప్పింది. అమ్మగారు కళ్ళజోడు సవరించుకుని, "అది బొమ్మ అని నాకు తెలియదా? ఆ పేజీలో ఒక్క గడి ఖాళీగా ఉండటం చూడలేక ఆయనే పుస్తకంలోది కత్తిరించి అతికించుకున్నారు. 'ఇది దొరికితే ఇల్లు కొనొచ్చు' అనేవారు. దొరికింది అని ఎప్పుడన్నారు? మీరే అలా విన్నారు" అందట.

దొరకని స్టాంపు చోట బొమ్మ పెట్టుకోవడం పాతకాలం సేకర్తలకి మామూలే. ఆయన ఎవరినీ మోసం చెయ్యలేదు, ఎవరి చేతా మోసపోనూ లేదు. ఈ సంగతి తెలిశాక కూతురికి వచ్చిన ఏడుపు వేరే రకం.

ఇక మిగతా ఆల్బమ్. కిలోల లెక్కన అడిగిన పెద్దమనిషి ఒక్క నకలు చూపించి మిగతావన్నీ చిత్తు అన్నాడు చూశారా, అదీ అసలు మోసం. నిజాం స్టాంపులు పన్నెండు పేజీలున్నాయి. ఆయన ఉద్యోగంలో ఉండగా ఊరూరా ముద్రలు వెతికి, ఏ ముద్ర ఏ ఊరిదో కింద పెన్సిల్‌తో రాసుకున్నారు. అవన్నీ అసలైనవేనని ఫోటోల్లో చూసినంతవరకు నాకనిపించింది. అయినా నా మాట సరిపోదు. అక్కడే ఒక గుర్తింపు ఉన్న వేలం సంస్థకి చూపించారు. ఇల్లు రాదు. ఒక సంవత్సరం ఫీజు వరకు రావచ్చన్నారు. అమ్మాలా వద్దా అన్నది వాళ్ళింకా ఆలోచిస్తున్నారు. మేనకోడలు మాత్రం ఆ ముద్రల్లోని ఊళ్ళన్నిటినీ మ్యాప్‌లో గుర్తు పెట్టడం మొదలెట్టిందట.

మీ ఇంట్లో ఆల్బమ్ దొరికితే చెయ్యాల్సినవి ఇవి. స్టాంపులు చేత్తో ముట్టుకోకండి, మొన తేలని పట్టకారు వాడండి. కవరు మీద స్టాంపు ఉంటే ఊడదీయకండి, కవరుతో కలిసి ఉంటేనే దాని చరిత్ర, చాలాసార్లు దాని విలువ కూడా. పెన్సిల్ రాతలు చెరపకండి. తేమ తగలకుండా పెట్టండి. అనుమానం ఉన్నదాన్ని అదే రకం చవక అసలు స్టాంపు పక్కన పెట్టి పోల్చండి, ఇంతకంటే మంచి గురువు లేదు. ఒకరు మొత్తానికి ఒకే ధర చెబితే రెండో మనిషికి చూపించకుండా ఇవ్వకండి. నిజంగా విలువైనదేమో అనిపిస్తే సర్టిఫికెట్ తీసుకోవాలి. అమెరికాలో ఉన్న స్టాంపులకైతే పెన్సిల్వేనియాలో అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీ, న్యూయార్క్‌లో ఫిలాటెలిక్ ఫౌండేషన్ ఆ పని చేస్తాయి. ఫీజు ఉంటుంది, కాబట్టి రెండు డాలర్ల స్టాంపుకి అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు, ఆల్బమ్ పక్కన కూర్చుని అమ్మని అడగండి. నాన్న ఏ స్టాంపు గురించి ఏమన్నారో సరిగ్గా ఆ మాటల్లోనే చెప్పమనండి, రాసుకోండి. దానికి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు.